పాటకెక్కని నూజివీటికోట

బొబ్బిలికథ నెఱుఁగని తెలుఁగువాఁడు లేఁడు. నూజివీటికథ నెఱిఁగినవారు నూజివీటనే యరుదు. రెండును వెలమదొరల సంస్థానములే. రెంటిమీఁదను పరదేశీయుల సైన్యములు నడచినవి. ఒకదానిమీఁద 1757లో, ఒకదానిమీఁద 1783లో. నడుమ 26 సంవత్సరముల యంతరము మాత్రమే. మొదటిదానికి జంగముకథ కలదు. దిట్టకవి నారాయణకవి రచించిన రంగరాయచరిత్రము కలదు. శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రి, వేదము వేంకటరాయశాస్త్రి ప్రభృతుల నాటకములు కలవు. 1964లో వెలువడిన చలనచిత్రమును గలదు. రెండవదానిని బడిపిల్లల వాచకములలోఁ గాని, బిచ్చమెత్తు గాయకుల నోటఁ గాని వినము. ఈ భేదమునకు హేతువేమి? బొబ్బిలివారు వీరులు, నూజివీటివారు కారు అని తేల్చివేయుట సులభము. సులభము గనుకనే యామాట ననుమానింపవలసియున్నది.

నూజివీటివారు తమ యూరినిగూర్చి చెప్పుకొనునది యుద్ధకథ కాదు, మేఁకకథ. మేకావంశమునకు మూలపురుషుఁడైన దొర యొకనాఁ డీప్రాంతమునఁ బోవుచు, నువ్వుచేనిలో నొకమేఁక తోఁడేలి నెదిరించి నిలుచుట చూచెనఁట. ఈ నేలయం దేదో మహిమ కలదని యెంచి యచటనే కోట కట్టించెనఁట. నువ్వుచేనివీడు కాలక్రమమున నూజివీడయ్యెనఁట. దీనిని గొంచెము పరీక్షింతము.

'వీడు' శబ్దమునకు దండు విడియుచోటనియుఁ, బట్టణమనియు నర్థములు కలవు. కొండవీడు మొదలగు పేళ్లలో నది స్పష్టము. 'నూ' యనునది నువ్వునకు సమాసమునందలి రూపమని యొప్పుకొనుటకు 'నూనె' యే సాక్షి. నువ్వుల నెయ్యియే నూనె గదా. కాఁబట్టి మొదలును దుదయుఁ గుదిరినవి. చిక్కంతయు నడుమనున్న 'జి' యొద్దనే. 'చేని' యనునది సమాసమున 'జేని' యగుట కభ్యంతరము లేదు. 'జేని' లోని 'ని' జాఱిపోయి 'జి' మాత్రము నిలుచుట వాడుకలోని యరుగుదల యనవలెను. ఇది యసంభవము కాదు. కాని పురాతనప్రయోగము నాధారముగాఁ జూపనిదే యిది సిద్ధాంతము కానేరదు. పండితులు పిల్లలకు దీనిని వ్యుత్పత్తిగాఁ గాక యైతిహ్యముగాఁ జెప్పిన మేలు.

ఇఁక మేఁకమాట. కుందేలు వేఁటకుక్కలను దఱిమినచోట విజయనగరము గట్టఁబడెనని మనవారు చెప్పుదురు. ఘూర్జరదేశమున నహమ్మదాబాదునకు నదేకథ. బలహీనజంతువు బలవంతమైనదానిని బెదరించినచోటు రాజధానికిఁ దగియుండునను నీ కథ దేశదేశములు తిరిగి, చేరినచోటనెల్లఁ దనకుఁ దగిన జంతువును వెదకికొన్నది. ఇచటి ప్రభువుల యింటిపేరు మేకావారు గనుక నిచటఁ గుందేలునకు బదులు మేఁక దొరకినది. ఊరిపేరును, ఇంటిపేరును, కోటకట్టుటయు నను మూఁడుప్రశ్నలకు నొకటే కథ సమాధానము చెప్పుచుండుట చూడఁగా, అది సంభవించిన విషయముకంటెఁ గూర్చిన విషయమని తోఁచుచున్నది.

అయినను నిట్టి కథలను బాఱవేయరాదు. జనులు దేనిని నిలుపుకొనఁగోరిరో యవి చెప్పును. ఈ మేఁకకథలోఁ గోట కట్టుట కలదు, కోట పడుట లేదు. బలహీనుఁడు బలవంతుని నెదిరించుట కలదు గాని, ఎదిరించినది మేఁక, దొర కాఁడు. నిజముగా నొకదొర యొక తోఁడేలి నెదిరించినాఁడు. ఆ వృత్తాంతము కథలోనికి రాలేదు.

ఆ వృత్తాంత మిట్టిది. 1765లో షాహ ఆలము పాదుషా ఫర్మానాచేతను, 1766లో నిజాముతోఁ గుదిరిన యొడంబడికచేతను నుత్తరసర్కారులు కుంపిణీవారి వశమైనవి. అది మొదలు జమీందారులు మచిలీపట్టణమునందలి కుంపిణీదొరలకుఁ బేష్కషు చెల్లింపవలసినవారైరి. అప్పటి జమీందారు నేఁటి భూస్వామివంటివాఁడు కాఁడు. వానికి సొంత సిబ్బంది కలదు, కోట కలదు, తగవులు తీర్చు నధికారము కలదు. కుంపిణీవారి కాతఁడు లేక వసూలు జరుగదు. ఆతఁ డుండఁగా నధికారము నిలువదు. ఈ చిక్కులోనుండి బాకీలు, సాహుకారుల జామీనులు, దండు పంపుటలు పుట్టుచుండెను. 1783లో నూజివీటి ప్రభువగు నారయ్య యప్పారావు కుంపిణీవారికి లోఁబడక తిరుగఁబడెను. సైన్యము వచ్చెను. సంస్థానము పట్టువడెను. ప్రభువు తప్పించుకొని పోయెను. జమీ జప్తు చేయఁబడెను. తరువాతఁ గుమారునిపేర దాని నిచ్చిరి. 1802లో శాశ్వతపు శిస్తు నిర్ణయమునాఁడు దానిని రెండుగాఁ జీల్చి, నిడదవోలు నొకకుమారునకును, నూజివీడు నింకొకకుమారునకును గ్రొత్త సన్నదులతో నొసఁగిరి.

ఇందుఁ బాటకుఁ దగిన వస్తువు లేదందురా? దండు గలదు, కోట గలదు, పరాభవము గలదు, తండ్రి రాజ్యము కుమారులచేతికి సగము సగముగా వచ్చుట గలదు. గాయకునకుఁ గావలసినవి పెక్కు గలవు. అయినను బాట దేశమున వ్యాపింపలేదు.

మా యభిప్రాయ మిది. పాట నిలుచుటకు వీరుఁడున్నఁ జాలదు. ఆ పాట విని యెవఁడును భయపడకుండవలెను; లేదా భయపడువాని యధికారము గాయకునిమీఁద లేకుండవలెను.

బొబ్బిలిని జూడుఁడు. 1757 జనవరి 24వ తేదీన బొబ్బిలిని గొట్టినవారెవరు? ఫ్రెంచిసేనాని బుస్సీ, వానిని దోడ్కొనివచ్చిన విజయనగరప్రభువు పెదవిజయరామరాజు. ఫ్రెంచివా రటు పిమ్మట నిలువలేదు. 1759లో మచిలీపట్టణమే వారిచేతినుండి జాఱెను. విజయరామరాజు బొబ్బిలి కూలిన కొలఁదిదినములకే తన గుడారమునఁ జంపఁబడెను. బొబ్బిలివంశపువాఁడు చినరంగారావు 1794లోఁ గుంపిణీవారివలననే మరల ప్రతిష్ఠితుఁడయ్యెను. ఇప్పుడు చెప్పుఁడు: బొబ్బిలికథను జంగము వీథిలోఁ బాడిన నెవనికిఁ గోపము వచ్చును? కుంపిణీదొరకు రాదు, పాటలో నింద పొందువాఁడు ఫ్రెంచివాఁడు. బొబ్బిలిదొరకు రాదు, అది యాతని పూర్వుల కీర్తి. పైఁగా నాంగ్లేయచరిత్రకారుఁడైన ఆర్మ్ తన గ్రంథమున బొబ్బిలివారి శౌర్యమును మెచ్చుకొని వ్రాసెను. గెలిచిన ప్రభుత్వము మెచ్చుకొన్న వీరుని బాడుట కెవని యనుజ్ఞయు నక్కఱలేదు.

ఇచట నొకమాట ప్రసక్తానుప్రసక్తముగాఁ జెప్పవలసియున్నది. ఆర్మ్ వ్రాఁతలో విజయరామరాజును జంప ప్రతినపూనినవారు నలువురు భటులు. రాత్రివేళ గుడారముఁ జొచ్చినవారు వారిలో నిద్దఱు. జంగముకథలో నీ నలువురు నొక్క తాండ్ర పాపారాయఁడైరి. చరిత్రకు నలువురు సరిపోయిరి గాని పాట కొక్కఁడే కావలెను. పాపారాయఁడు లేఁడని మేమనము. పాట స్మృతిని నిలుపు రీతి యిట్టిదని మాత్రము చూపుచున్నాము: అది పెక్కుమందిని మఱచి, ఒకనిని మఱవనీయదు. ఆ మిగిలిన భటుల పేళ్లు బొబ్బిలిలోఁగూడ నెవ్వరికిని గావలసినవి కావు.

మా మాటకు రెండవసాక్షి పద్మనాభము. 1794 జులై 10వ తేదీనఁ బద్మనాభముకడఁ గుంపిణీసైన్యముతోఁ బోరి రెండవ విజయరామగజపతి మడిసెను. పలువురు క్షత్రియబంధువులతోఁ గూడ రణమునఁ బడెను. శౌర్యమున నిది దేనికిఁ దక్కువ? విజయనగరము బొబ్బిలికంటెఁ జాల పెద్ద సంస్థానము. కవులకును గాయకులకును నచటఁ గొదువ లేదు. అయినను బద్మనాభయుద్ధము బొబ్బిలికథవలె నాంధ్రదేశమంతటను బాడఁబడలేదు. ఏల? చంపినది కుంపిణీ, చనిపోయినవాని కుమారుఁడు నారాయణగజపతికి జమీని దగ్గించి, పేష్కషు నిర్ణయించి మరల నిచ్చినదియుఁ గుంపిణీయే. ఇచ్చినవాని చేతిలోఁ దండ్రి చావును గుమారుని కొలువులో నెవఁడు పాడును?

నూజివీటిస్థితి యిదియే. 1802 తరువాత నచటి ప్రభువులు కుంపిణీ సన్నదు వహించినవారు. పండితులను బోషించిరి, అవధానవిద్యలోఁ బేరొందిన మాడభూషి వేంకటాచార్యులవారివంటివా రాసంస్థానమున నాదరణ పొందిరి. మన సంస్థానముల సాహిత్యపోషణమునుగూర్చి తూమాటి దోణప్పగారు గ్రంథము వ్రాసి గొప్ప మేలు చేసిరి. కాని పోషణమువలనఁ బుట్టినదానిని లెక్కించినట్లే, పోషణమువలనఁ బుట్టకపోయినదానినిఁగూడ నెవరైన లెక్కింపవలసియున్నది. వంశావళి పద్యములలో నెట్టి రాజునకైనను దానము, ధర్మము, శరత్కాలచంద్రిక వంటి కీర్తియుఁ దప్పవు. జప్తుమాట మాత్రము వంశావళి కెక్కదు. ఆశ్రితకవి చేసినది తప్పని మేమనము. ఆతఁడు తన యన్నముకొఱకును, తన ప్రభువు నెమ్మదికొఱకును మౌనము వహించెను. మనమా మౌనమును జరిత్రాభావమని భ్రమపడుటయే తప్పు.

ఎదురుసాక్ష్యముల మాటయేమి? సర్వాయి పాపఁడు కలఁడు. తెలంగాణమున శాహపురము కోటకట్టి, 1708లో నోరుగల్లును గొల్లగొట్టి, 1710లోఁ జంపఁబడిన గీతకులజుఁడు. పారసీక చరిత్రకారుఁ డాతనిని దొంగ యని తిట్టెను. జనులు వీరుఁడని పాడిరి. చచ్చిన 160 సంవత్సరములకుఁ గూడ నాపాట వినఁబడుచుండఁగా బాయిల్ అను నాంగ్లేయుఁడు దానిని సేకరించి 1874లో ప్రకటించెను. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కలఁడు. ఆతఁడు కుంపిణీనే యెదిరించినవాఁడు. 1847 ఫిబ్రవరి 22వ తేదీనఁ గోయిలకుంట్లయొద్ద నురిదీయఁబడెను. ఆతని శిరస్సును బహుకాలము కోటకు వ్రేలాడఁగట్టిరి. ఆ శిరస్సు క్రిందనే రేనాటివా రాతనిపాట పాడుకొనిరి. కుంపిణీభయము పాట నాపునన్న మా వాద మిందులకు నిలుచునా?

నిలుచును. పాపఁడు పోయినపిమ్మట సన్నదుపొందిన పాపనివంశము లేదు. నరసింహారెడ్డి పాళెమును మరలఁ బ్రతిష్ఠింపఁబడలేదు. ఆ పాటలు పాడినవారు సంస్థానపు బత్తెముమీఁద బ్రదికినవారు కారు. ఊరూరఁ బిడికెఁడు గింజలు దండుకొన్నవారు. దొర కోపగించునని వారు వెఱవలేదు, దొరయే లేఁడు. కృష్ణకావలియొడ్డున వాసిరెడ్డి వేంకటాద్రినాయనిఁ దలఁపుఁడు. దేవాలయములు కట్టించెను, తులాభారములు తూఁగెను. అయినను నాతఁడు చెంచులను విందునకుఁ బిలిచి చంపించెనని, అది మొదలు కంచములోని యన్నము పురుగులై కనఁబడెనని జనులు నేఁటికిని జెప్పుకొందురు. ఆతఁడు 1816లోఁ బోయినపిమ్మట సంస్థానము దత్తపుత్రుల వ్యాజ్యములలోఁ గరఁగిపోయెను. కాపాడువాఁడు లేని కీర్తికే యిట్టి కథ లంటుకొనును. అపకీర్తిగాని, వీరకీర్తిగాని, జనులనోట స్వేచ్ఛగా మెలఁగవలెనన్నఁ గోట పాడుపడియుండవలెను. నూజివీటికోట పాడుపడలేదు, అందు దీపము వెలుఁగుచునే యుండెను.

ప్రతిపక్షమున నొకమాట న్యాయముగా నొప్పుకొనెదము. బొబ్బిలిలో స్త్రీలు, శిశువులు నగ్నికి నాహుతియైరి, రంగారావు పోరి చచ్చెను, పగతీర్చుట జరిగెను. నూజివీటిప్రభువు తప్పించుకొనెను. పాఱిపోయినవానిఁ బాడుట కష్టమే. చావులేని యుద్ధకథను జంగము రాత్రియెల్ల సాగింపలేఁడు. కావున వస్తుబలమును గొంత తక్కువ యని యంగీకరింతుము. కాని పద్మనాభమున వస్తుబలమునకు లోపము లేదు, అదియు మాసెను. అందుచేత వస్తుబలము కారణములలో నొకటి యగునే కాని ప్రధానము కానేరదు.

పాటలో నిలువని 1783 వేఱొకచోట నిలిచెను. ఎచటనో పాఠకులూహింపరు: న్యాయస్థానమున. నూజివీటిజమీ యన్నదమ్ములలోఁ బంపకమునకుఁ దగునా, లేక జ్యేష్ఠునకే చెందు రాజ్యమా యని వ్యాజ్యము పుట్టి లండనునందలి ప్రీవీకౌన్సిలువఱకుఁ బోయెను. పూర్వము దండుకట్టు రాజ్యముగా నుండెను గనుక భాగింపరాదని యొకపక్షము. ఆ రాజ్యము 1783లోనే యంతరించినది, 1802లో నిచ్చినది క్రొత్త దానము, కావున సామాన్యధర్మశాస్త్రము ననుసరించి భాగింపవచ్చునని యింకొకపక్షము. 1879లో నాధర్మాధికారులు రెండవపక్షమునే నిలిపిరి. మామిడితోఁట లున్న యూరివారి కీతీర్పు నొక యుపమానముతోఁ జెప్పవచ్చును: పాతవేరుమీఁదఁ గట్టిన యంటు, చెట్టునకుఁ బైకొమ్మపేరే గాని వేరుపేరు లేదు. ఉయ్యూరు, మీర్జాపురము, తేలప్రోలు మొదలగు వేఱువేఱు సంస్థానముల పేళ్లు మనకుఁ దెలియుట యీ భాగముల ఫలమే.

ఇందలి వింత చూడఁదగినది. పూర్వుని పరాభవమును గొలువులో నెవఁడును దలపెట్టఁడు. కచేరిలో వంశీయులే ప్లీడరులకు రుసుము లిచ్చి తలపెట్టించిరి. తిరుగుబాటు జరిగినది, సంస్థానము పోయినది యని ఋజువైననే భాగము వచ్చును. పాడుటకుఁ బనికిరాని సంగతి పంచుకొనుటకుఁ బనికివచ్చెను. న్యాయనివేదికల సంపుటములలో నేఁటికిని నది చెక్కుచెదరక యున్నది. వకీళ్లు దానిని జదువుదురు, జరిత్రకారు లరుదుగాఁ జదువుదురు. అందుఁ గోట కలదు, దండు కలదు, సన్నదుల తేదీలు గలవు. భయము, రోషము, రైతుగోడు మాత్రము లేవు. పాట మఱచు లెక్కలను దీర్పు నిలుపును. తీర్పు మఱచు కన్నీటిని బాట నిలుపవలసియుండెను.

మెకంజీదొర కావలి సోదరుల సాయమున సేకరించిన కైఫియ్యతులవంటి గ్రామవృత్తాంతములనుగూర్చి యొకమాట. 1821లో మెకంజీ మరణించువఱకు నీసేకరణము సాగెను. అప్పటికి 1783ను గన్నులారఁ జూచినవారు గ్రామములలో జీవించియుందురు. కాని కైఫియ్యతు వ్రాసినవాఁడు కరణము. ఆతని దృష్టి మాన్యములమీఁదను, మిరాశీలమీఁదను, ఎవరి యమలులో నెవరు వసూలు చేసిరన్నదానిమీఁదను నిలుచును. యుద్ధము జరిగెనని వ్రాయుటకంటె నాయేఁడు శిస్తు నెవరికిఁ గట్టితిమని వ్రాయుట యాతనికి ముఖ్యము. ఆ వ్రాఁతలను దూషింపక, వాని స్వభావ మెఱిఁగి చదువవలెను.

ఇటీవల వేసవిలో నూజివీటి తోఁటలకుఁ బోయితిమి. కాయకోఁత సాగుచుండెను. తోఁట కాపుకున్న ముదుసలి నొకనిఁ గోటమీఁద దండు వచ్చినమాట విన్నావా యని యడిగితిమి. వినలేదనెను. చెట్ల పేళ్లు చెప్పుమనఁగాఁ దడవుకొనక చెప్పెను: చిన్నరసము, పెద్దరసము, చెఱకురసము, కొత్తపల్లికొబ్బరి, బంగినపల్లి, జహంగీరు, కలెక్టరు. విని నవ్వు వచ్చినది, వెంటనే యాలోచనయు వచ్చినది. బనగానపల్లె సంస్థానము 1948లో నంతరించినను దానిపేరు పండులో బ్రదికియున్నది. 2017లో నాపేరునకు భౌగోళికసూచికయు లభించినది. మొగలాయి పాదుషా పేరు గలదు. అన్యత్ర తోతాపురి యనఁబడు ముక్కుకాయ కీ సీమలోఁ గలెక్టరని పేరు. సర్కారులలోఁ గలెక్టరుల నియమించినది 1794లో. ఆ యుద్యోగము తోఁటలోఁగూడ వేళ్లూనినది. కలెక్టరుల రాకకుఁ బూర్వము కుంపిణీ నెదిరించిన నారయ్య యప్పారావుపేర నొకచెట్టును లేదు.

ఇప్పుడు వేఱొకయపాయము వచ్చుచున్నది. 2022లో నూజివీడు కృష్ణామండలమునుండి ఏలూరుమండలమునఁ జేర్పఁబడినపిమ్మట స్థానికచరిత్రలు వ్రాయు నుత్సాహము హెచ్చినది. ఉత్సాహము మంచిదే. కాని 1783 నాటి దొరను స్వాతంత్ర్యసమరయోధునిగాఁ జిత్రించు తొందర కొందఱి మాటలలోఁ గానవచ్చుచున్నది. ఆతని కలహము పేష్కషునకును నధికారమునకును సంబంధించినది. దేశస్వాతంత్ర్యమను భావ మానాఁటి జమీందారున కారోపించుట, మేఁకకుఁ దోఁడేలి నెదిరించు మహిమ నారోపించుటవంటిదే. ఆతని సిబ్బందిలోఁ జచ్చిన బంట్లు, దండు త్రొక్కిన చేల రైతులు నెవరో విచారింపక, దొర కొక్కనికిఁ గిరీటము పెట్టినచో బొబ్బిలిపాట నలువురు భటులకుఁ జేసిన యన్యాయమునే మనమును జేసినవార మగుదుము. పాటకుఁ గల సొగసైన నుండదు.

చేయఁదగిన పని వేఱు. మచిలీపట్టణపు కుంపిణీ కచేరి వ్రాఁతలు మదరాసు దస్తావేజుల భాండాగారమున నున్నవి. ప్రీవీకౌన్సిలు తీర్పు ముద్రితమై యున్నది. ఈ రెంటిని దగ్గఱఁబెట్టి 1783వ సంవత్సరపు సంగతులను దినక్రమమునఁ దెలుఁగున వ్రాయవలెను. అంతకంటెఁ దొందరపడవలసిన పని యొకటి కలదు. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి ప్రాంతముల బడులలోని పండితులు తమ విద్యార్థుల యవ్వలను దాతలను నడిగించి, కోటమాటగాని దండుమాటగాని దంపుళ్లపాటలోనో, పొలము పేరులోనో, సామెతలోనో యొకతునుక దొరికినచో, సవరింపక విన్నది విన్నట్లు వ్రాసి యీపత్రికకుఁ బంపఁగోరుచున్నాము. వ్రాసినవారు చెప్పినవారి యూరును, వయస్సును, ఎవరివలన వినిరో యామాటయుఁ జేర్చుట మఱవకుందురు గాక.